సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు

మన యిండ్లకు తీగలగుండ వచ్చు విద్యుత్తు నిలుకడ లేనిది. అది ఒక దిక్కునకు పోవును. వెంటనే వెనుకకు మరలును. మన దేశమున అది సెకనుకు 50 మాఱులు ఇట్లు పోయి వచ్చుచుండును. దీనికి ఏకాంతర విద్యుత్తు అని పేరు. దీపము వెలుగుటకును, పంకా తిరుగుటకును ఈ రాకపోకలు అడ్డు కావు. కాని రేడియో పలుకవలెనన్నను, చేతిలోని టెలిఫోను పనిచేయవలెనన్నను ఒకే దిక్కున నిలుకడగా సాగెడి విద్యుత్తు కావలెను. రాకపోకలు చేయు ప్రవాహమును ఒకే త్రోవ పట్టించుట మొదటి పని. అట్లు పట్టించిన పిదపకూడ అందు మిగిలియుండు చిఱు అలలను అణచుట రెండవ పని. ఈ అలలనే ఇంజనీర్లు రిపిల్ అందురు. రేడియో యుగారంభమున మొదటి పనికి తగిన ద్వారమును ఒక గాజుబుడ్డిలో అమర్చి యిచ్చిన మహాశాస్త్రజ్ఞుడు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు.

ఇంగ్లండు దేశమున లాంకాస్టరు పట్టణమందు 1849వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఫ్లెమింగు జన్మించెను. తండ్రి జేమ్సు ఫ్లెమింగు క్రైస్తవ మతబోధకుడు. ఏడుగురు సంతానములో జాన్ జ్యేష్ఠుడు. అతని పసితనముననే ఆ కుటుంబము లండను నగరమునకు తరలివచ్చెను. బాలునకు పుస్తకములమీద ఎంత ప్రీతియో పనిముట్లమీదను అంత ప్రీతి. పదునొకండేండ్ల ప్రాయముననే అతడు తనకొక చిన్న పనిశాలను ఏర్పఱచుకొని, ఓడల నమూనాలను, యంత్రముల నమూనాలను చేయుచుండెను. ఫోటోలు తీయు పెట్టెను సైతము స్వయముగా నిర్మించుకొనెను.

ఇంజనీరు కావలెనని అతని కోరిక. కాని ఆ శిక్షణకు వలయు ధనము పెద్ద సంసారముగల తండ్రికడ లేకుండెను. అందుచే అతని విద్యాభ్యాసము తిన్నని బాటలో సాగలేదు. కొంతకాలము చదువును; చేతిలో డబ్బు లేనప్పుడు కొలువు చేయును; కొంత కూడబెట్టుకొని మరల చదువును. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో చేరిన కొలది కాలమునకే ఓడలు కట్టు సంస్థలో పనికి కుదిరెను. అది విడిచి, వాటాల వ్యాపారము జరుగుచోట గుమాస్తాగా పనిచేసెను. పగలెల్ల లెక్కలు వ్రాసి, సాయంకాలము పాఠములు చదివి, 1870వ సంవత్సరమున పట్టభద్రుడయ్యెను.

తరువాత ఆయన ఉపాధ్యాయవృత్తి నవలంబించెను. 1874వ సంవత్సరమున లండనులో భౌతికశాస్త్ర సంఘము స్థాపింపబడినపుడు, ఆ సంఘమున చదువబడిన మొదటి వ్యాసము ఈ యువకునిదే. ఆ యేడే చెల్టెన్‌హాం కళాశాలలో విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడుగా చేరెను. ఆ దినములలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జేమ్సు క్లర్కు మాక్స్‌వెల్ అను మహామేధావి ఆచార్యుడుగా నుండెను. విద్యుత్తును, అయస్కాంతశక్తిని, కాంతిని ఒకే సిద్ధాంతసూత్రమున గ్రుచ్చినవాడు ఆయనయే. ఆయనకు శిష్యుడు కావలెనని ఫ్లెమింగు సంకల్పించెను. ఉపాధ్యాయుని జీతములోనుండి కొంచెము కొంచెముగా 400 పౌనులు కూడబెట్టెను. 1877వ సంవత్సరమున, తనతోడివారు జీవితమున స్థిరపడిన వయసున, ఉద్యోగము వదలి కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరెను.

మాక్స్‌వెల్ పాఠములు కఠినములు. వినవచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. కొన్ని దినములలో గురువునకు ఎదుట ఫ్లెమింగు ఒక్కడే కూర్చుండుట కూడ జరిగెను. 1879వ సంవత్సరమున మాక్స్‌వెల్ అకాలమరణము నొందెను. గురుశిష్యుల సహవాసము రెండేండ్లకు మించలేదు. ఐనను ఆ రెండేండ్ల సంపాదన ఫ్లెమింగునకు జీవితాంతము తరుగని నిధి యయ్యెను.

ఆ పిమ్మట నాటింగుహాం నగరమున కొలదికాలము ఆచార్యుడుగా నుండి, 1882వ సంవత్సరమున లండనులోని ఎడిసన్ విద్యుద్దీప సంస్థకు సలహాదారుడయ్యెను. అప్పటి దీపములలో బొగ్గుతీగలు వాడెడివారు. ఆ దీపములకు ఒక జబ్బు ఉండెను. కొన్నాళ్లు వెలిగిన తరువాత గాజుబుడ్డి లోపల మసి పట్టి వెలుగు తగ్గుచుండెను. ఫ్లెమింగు అట్టి బుడ్లను పరిశీలించెను. మసి పట్టిన గాజుమీద ఒక్కొక్కచో సన్నని తెల్లనిగీత మసిలేక నిలిచియుండెను. గుఱ్ఱపు లాడమువలె వంగిన తీగయొక్క ఒక కొమ్మనుండి కణములు ఎగిరిపడుచుండగా, రెండవ కొమ్మ అడ్డునిలిచిన మేర గాజునకు మసి అంటలేదని ఆయన గ్రహించెను. కాలిన తీగనుండి ఏదియో బయలువెడలుచున్నదనుటకు అది గుర్తు.

అమెరికాలో ఎడిసన్ మహాశయుడు ఇట్టి దీపములో తీగకు ప్రక్కగా ఒక లోహపు రేకును కూడ ఉంచి పరీక్షించెను. రేకును విద్యుత్తుయొక్క ధనధ్రువమునకు కలిపినపుడు, నడుమ ఏ తీగయు లేకున్నను, శూన్యముగుండ స్వల్పముగా విద్యుత్తు ప్రవహించెను. ఋణధ్రువమునకు కలిపినపుడు ప్రవహింపలేదు. దీనికి ఎడిసన్ ఫలితమని పేరు వచ్చెను. ఎడిసన్ దానిపై 1883వ సంవత్సరమున హక్కుపత్రమునకు దరఖాస్తు చేసెను గాని, తరువాత తన యితర కార్యములలో మునిగి దానిని ముందునకు సాగింపలేదు. ఫ్లెమింగు మాత్రము దానిని విడువలేదు. రేకులు అమర్చిన దీపములను ప్రత్యేకముగా చేయించి పరీక్షలు జరిపి, 1890వ సంవత్సరమునను 1896వ సంవత్సరమునను వ్యాసములు ప్రకటించెను. దానివలన అప్పటికి ఎట్టి ప్రయోజనమును కానరాలేదు. ఆ దీపములను ఆయన పాఱవేయక బీరువాలో దాచియుంచెను.

ఈలోగా 1885వ సంవత్సరమున, తాను చదివిన లండను విశ్వవిద్యాలయ కళాశాలలోనే ఆయన విద్యుత్సాంకేతిక శాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. ఆ శాఖ అప్పుడే కొత్తగా ఏర్పడినది. ప్రయోగశాల లేదు; పరికరములు లేవు. ఆచార్యునకు ఇచ్చినది ఒక నల్లబల్లయు, ఒక సుద్దముక్కయు మాత్రమే. ఆయన దానికి కుందక పాఠములు ప్రారంభించెను. విద్యుత్తు, అయస్కాంతక్షేత్రము, కదలిక అను మూడింటి దిక్కులను విద్యార్థులు మాటిమాటికి తాఱుమాఱు చేయుట చూచి, చేతి వ్రేళ్లతో గుర్తుంచుకొను ఉపాయమును కల్పించెను. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఒకదానికొకటి నిట్టనిలువుగా చాచినచో మూడు దిక్కులును తెలియును. విద్యుత్తుచే తిరుగు మోటారునకు ఎడమచేయి, విద్యుత్తును పుట్టించు యంత్రమునకు కుడిచేయి. నేటికిని ఉన్నత పాఠశాల విద్యార్థులు ఫ్లెమింగు నియమములన్న పేర నేర్చుకొనుచున్నవి ఇవియే.

1899వ సంవత్సరమున మార్కోని స్థాపించిన నిస్తంత్రీ వార్తాసంస్థ ఆయనను శాస్త్రసలహాదారుగా నియమించెను. అట్లాంటికు మహాసముద్రముమీదుగా తీగలు లేకయే వార్తను పంపవలెనని మార్కోని పూనిక. ఇంగ్లండు నైఋతిమూలను కారన్‌వాల్ సీమయందలి పోల్డ్యూ అనుచోట ప్రసారకేంద్రము కట్టబడెను. దానికి వలయు ప్రచండ విద్యుచ్ఛక్తిని పుట్టించు యంత్రసామగ్రిని రూపొందించినవాడు ఫ్లెమింగు. 1901వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీన ఆ కేంద్రమునుండి వెడలిన సంకేతములను న్యూఫౌండ్‌లాండులో తాను వింటినని మార్కోని ప్రకటించెను. లోకమంతయు మార్కోనిని కొనియాడెను. యంత్రసామగ్రిని కూర్చిన ఆచార్యుని పేరు తలచినవారు అరుదు. ఇది ఫ్లెమింగు మనసును నొప్పించెను.

అంతకంటె కష్టమైన దినము తరువాత వచ్చెను. 1903వ సంవత్సరము జూను మాసమున లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఫ్లెమింగు నిస్తంత్రీ విద్యనుగూర్చి ఉపన్యసించుచుండగా, మాస్కెలిన్ అను ఐంద్రజాలికుడు సమీపమునుండి తన యంత్రముతో ఎగతాళి సంకేతములను పంపెను. మార్కోని పద్ధతిలోని రహస్యభద్రత వట్టి మాట యని చాటుట అతని యుద్దేశము. యంత్రము టకటకలాడుట ఆచార్యుని సహాయకుడు విని కలవరపడెను. ఫ్లెమింగునకు వినికిడి తక్కువ యగుటచే ఆయన ఏమియు నెఱుగక ఉపన్యాసమును కొనసాగించెను. తరువాత విషయము తెలిసి, పత్రికలకెక్కి వాదములు జరిగెను. ఆ యేటి చివర మార్కోని సంస్థతో ఆయన ఒప్పందము ముగిసెను. సంస్థ దానిని పొడిగింపలేదు. నాటికి ఆయనకు ఏబదినాలుగేండ్లు.

నిస్తంత్రీ విద్యలో అప్పటికి పెద్ద చిక్కు ఒకటి మిగిలియుండెను. గాలిలో వచ్చు విద్యుత్తరంగములు స్వీకరణయంత్రపు తీగలో సెకనుకు లక్షలకొలది మాఱులు ముందునకు వెనుకకు ఊగెడి ప్రవాహమును పుట్టించును. విద్యుత్తును చూపు గాల్వనోమీటరులో ముల్లు అంత వేగముగా కదలజాలదు. కుడికి నెట్టబడు లోపలనే ఎడమకు నెట్టబడుటచే అది కదలక నిలుచును. లోహపు రజనుతో చేసిన గొట్టములు వాడుకలో నుండెను గాని వానిని నమ్ముటకు వీలు లేకుండెను. మార్కోని చేసిన అయస్కాంత పరికరమును చెవిలో పెట్టుకొని వినవలెను. చెవి మందగించిన ఫ్లెమింగునకు కంటికి కనబడెడి గుర్తు కావలెను. ప్రవాహము ఒకే దిక్కునకు మరలినచో ముల్లు కదలును. దానిని మరల్చుట యెట్లు?

1904వ సంవత్సరము అక్టోబరు మాసమున ఈ యాలోచనలో నుండగా ఆయనకు పాత దీపములు స్ఫురించెను. శూన్యములో ఒక దిక్కునకు మాత్రమే విద్యుత్తును పోనిచ్చు ఆ దీపము ఇంత వేగముగా ఊగు ప్రవాహమును కూడ అట్లే అరికట్టునా? బీరువాలోనుండి ఆ దీపములను వెలికి తీయించి, తరంగములను పుట్టించు యంత్రమునకు ఎదుట గాల్వనోమీటరుతో కలిపి పరీక్షించెను. ముల్లు కదలెను, కదలి నిలిచెను. చాల కాలము ప్రయోజనములేక పడియున్న వస్తువు ఒక్కదినమున అమూల్యమయ్యెను.

దీని కీలకము కఠినమైనది కాదు. ఎఱ్ఱగా కాలిన తీగనుండి ఎలక్ట్రాను లనెడి ఋణవిద్యుత్కణములు వెలువడును. ఈ కణములను 1897వ సంవత్సరమున జె. జె. థామ్సన్ నిరూపించియుండెను. ఎదుటి రేకు ధనధ్రువమైనపుడు అది వానిని ఆకర్షించును, ప్రవాహము సాగును. రేకు ఋణధ్రువమైనపుడు అది వానిని త్రోసివేయును. చల్లని రేకునుండి కణములు వెలువడవు గనుక ఎదురు ప్రవాహము అసలే లేదు. సైకిలు గొట్టమునకుండు వాల్వు గాలిని లోనికి పోనిచ్చును గాని వెలికి రానీయదు కదా! ఆ పోలికనే ఫ్లెమింగు తన సాధనమునకు వాల్వు అని పేరు పెట్టెను. రెండు ధ్రువములుగల ఈ సాధనమునకే తరువాత డయోడు అను పేరు కలిగెను.

1904వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ఆయన బ్రిటిషు హక్కుపత్రమునకు దరఖాస్తు చేసెను. మరుసటి యేడు మార్కోని సంస్థ ఆయనను మరల సలహాదారుగా తీసికొనెను. వాల్వుమీది హక్కు సంస్థకు చెందెను. ఇంతలో అమెరికాయందు లీ డి ఫారెస్టు తీగకును రేకునకును నడుమ మూడవ ధ్రువమును చేర్చి, బలహీనమైన సంకేతములను పెద్దవిగా చేయు సాధనమును నిర్మించెను. ఇరుపక్షములును న్యాయస్థానముల కెక్కెను. 1916వ సంవత్సరమున అమెరికా న్యాయస్థానము డి ఫారెస్టు సాధనము ఫ్లెమింగు వాల్వుమీది హక్కును అతిక్రమించినదనియు, మూడవ ధ్రువము మాత్రము డి ఫారెస్టుదే ననియు తీర్పు చెప్పెను. ఒకరి యనుమతి లేక మఱియొకరు ముందునకు పోలేని స్థితి ఏర్పడెను.

ఇక వాల్వు చేయు పనిలోని కొదవను గూర్చి చెప్పవలెను. వాల్వు వెనుకకు మరలు ప్రవాహమును ఆపును, అంతియే. ముందునకు వచ్చినది ఒకే ధారగా రాదు. తెఱపి తెఱపిగా, గుక్కలు గుక్కలుగా వచ్చును. ఫ్లెమింగు మొదటి ప్రయోగమున ఇది చిక్కు కాలేదు. గాల్వనోమీటరు ముల్లు తన బరువుచేతనే ఆ గుక్కలను లెక్కచేయక సరాసరిని చూపెను. కాని 1920వ దశకము చివర ఇంటి విద్యుత్తుతోనే నడచు రేడియోలు వచ్చెను. అందు ఏకాంతర విద్యుత్తును సరిచేయుటకు కూడ వాల్వునే వాడిరి. అప్పుడు అలలు చెవికి సోకెను. సంగీతము వెనుక తుమ్మెద రొదవంటి గుయ్యిమను మ్రోత వినవచ్చెను. అది రిపిల్ చేయు చప్పుడు.

ఈ అలలను అణచు విధము మన పల్లెలలో కనబడుచునే యున్నది. వాన ఒకనాడు కురియును, పదినాళ్లు కురియదు. ఐనను చెఱువు ఆ నీటిని పట్టియుంచి తూముగుండ పైరునకు ఎడతెగక అందించును. విద్యుత్తునకు చెఱువు వంటిది కండెన్సరు. గుక్క వచ్చినపుడు నిండును. తెఱపిలో కొంచెము కొంచెముగా ఇచ్చును. కుమ్మరి సారెను కఱ్ఱతో అప్పుడప్పుడు మాత్రమే త్రిప్పినను అది తన బరువుచే నడుమ ఆగక తిరుగును. విద్యుత్తునకు సారె వంటిది చోకు అనెడి తీగచుట్ట. ప్రవాహము హెచ్చబోయినను తగ్గబోయినను అది అడ్డును. ఈ రెండింటి కూర్పునకే ఫిల్టరు, అనగా వడపోత, అని పేరు.

లెక్క వేసి చూచిన దీని బలము తెలియును. ఒక రేడియోకు 50 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము కావలెననుకొందము. ఒకే వాల్వు ఉన్నచో సెకనుకు 50 గుక్కలు వచ్చును. 20 మైక్రోఫారడుల కండెన్సరు పెట్టినచో గుక్కకు గుక్కకు నడుమ దాని వోల్టేజి సుమారు 50 వోల్టులు పడిపోవును. రెండు రేకులుగల వాల్వుతో వెనుకకు పోవు సగమును కూడ ముందునకు మరల్చినచో గుక్కలు 100 అగును. ఆ పాటు 25 వోల్టులకు తగ్గును. దాని తరువాత 10 హెన్రీల చోకును, మరల 20 మైక్రోఫారడుల కండెన్సరును అమర్చినచో, మిగిలిన అలలో ఇంచుమించు ఎనుబదవ వంతు మాత్రమే వెలికి వచ్చును; అనగా వోల్టులో మూడవ వంతునకు కొంచెము తక్కువ. అప్పుడు మ్రోత అణగి పాట తేటపడును. అల ఎన్నటికిని సున్న కాదు. బాధింపనంతగా తగ్గించుటయే విద్య.

ఫ్లెమింగు సుమారు నాలుగు దశాబ్దములు ఆచార్యపీఠమునందుండి 1926వ సంవత్సరమున విశ్రాంతి గైకొనెను. 1929వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నిచ్చెను. వినికిడి క్షీణించినను ఆయన వ్రాయుట మానలేదు. టెలివిజను సంఘమునకు అధ్యక్షత వహించెను. 1943వ సంవత్సరమున, తొంబదిమూడేండ్ల ప్రాయమున, ఆయన చెవికి మఱియొక వార్త సోకెను. వాల్వుయొక్క అమెరికా హక్కుపత్రమున కనిపెట్టినదానికి మించి కోరబడినదనియు, దానిని సవరించుటలో ఆలస్యము జరిగినదనియు, అందుచే ఆ పత్రము చెల్లదనియు అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. హక్కుపత్రము కాలము ఏనాడో తీరిపోయినది. ఆ తీర్పువలన పోయినదియు వచ్చినదియు ధనము కాదు, పేరు. ఐనను అప్పటికి లోకమున లక్షలకొలది వాల్వులు వెలుగుచుండెను. 1945వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన డెవన్ సీమయందలి సిడ్మత్ పట్టణమున, తొంబదియైదేండ్ల వయసున ఆయన కన్నుమూసెను.

నేడు గాజువాల్వులు చాలవఱకు మూలపడినవి. సిలికానుతో చేసిన గింజంత డయోడులు వాని పనిని చేయుచున్నవి. ఐనను టెలిఫోనునకు విద్యుత్తును ఎక్కించు చిన్న డబ్బాను విప్పి చూచినచో, ఒకే దిక్కునకు త్రోవ యిచ్చు ద్వారమును, దాని వెంట అలలను అణచు కండెన్సరును తప్పక కనబడును. రూపము మాఱినది, ధర్మము మాఱలేదు.

ఫ్లెమింగు జీవితము కూడ తెఱపి తెఱపిగా సాగినదే. చదువునకు నడుమ కొలువు, కీర్తికి నడుమ అవమానము, గౌరవమునకు నడుమ వివాదము వచ్చుచునే యుండెను. ఆ తెఱపులలో ఆయనను నిలిపినది కూడబెట్టు గుణము. జీతమునుండి మిగిల్చిన 400 పౌనులు ఆయనను మాక్స్‌వెల్ సన్నిధికి చేర్చెను. ప్రయోజనము తోపకున్నను దాచిన దీపములు ఆయనను వాల్వుకడకు చేర్చెను. నేర్చినదానిని వెంటనే ఫలింపలేదని విడుచువానికి అవసరము వచ్చిననాడు చేతిలో ఏమియు మిగులదు. నిండియున్న చెఱువునకే తూము ప్రయోజనము.